వేసవి సెలవులు – మా బర్రె, మా మేకలు

వేసవి సెలవుల మీద పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో పిల్లలు అమ్మమ్మ ఇంటికి పోతారు, మామిడిపండ్లు తింటారు, ఈత నేర్చుకుంటారు. మన హాస్టల్ పిల్లల్లో ఎంతమందికి అట్లాంటి సెలవులు దొరికాయో చేతులెత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో మీకే తెలుసు. ఏప్రిల్ 23న బడి మూతపడేది. దుప్పటి, కార్పెట్ చుట్టుకొని, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకొని ఇంటికి చేరేవాళ్లం. 24వ తేదీ తెల్లారుజామున నాలుగు గంటలకు మా సెలవులు మొదలయ్యేవి. లేపేది అమ్మ కాదు, బర్రె. పాలు పిండే వేళ దాటితే కొట్టంలో నుండి అది ఒర్రే ఒర్రుడుకు బజారంతా లేవాల్సిందే.

మాది కట్టంగూర్ మండలం. హైదరాబాద్ నుండి విజయవాడ పోయే రోడ్డు మీద నార్కట్‌పల్లి దాటినాక, నకిరేకల్ రాకముందు కట్టంగూర్ వస్తుంది. బస్సు కిటికీలో నుండి చూసేవాళ్లకు నిమ్మతోటలు, తాటిచెట్లు, బోడ గుట్టలు కనిపిస్తాయి. ఆ గుట్టల వైపు ఉన్న ఎర్ర చెలకల్లో మాది ఎకరం ముప్పై గుంటలు. మా తాతకు ప్రభుత్వం ఇచ్చిన లావణి పట్టా భూమి. ఈ లావణి పట్టా సంగతి ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని అమ్మరాదు, కొనరాదు అని 1977లో చట్టం వచ్చింది. మంచి చట్టమే. అది లేకపోతే ఆ ఎకరం ముప్పై గుంటలు ఎప్పుడో ఎవరి నిమ్మతోటలోనో కలిసిపోయేది. కానీ భూమి అమ్మడానికి లేని ఇంట్లో ఆపద వస్తే అమ్ముకునేది ఏముంటుంది? కొట్టంలో ఉన్నదే. అందుకే మా ఇంట్లో పశువుల లెక్క పైసల లెక్క లాగానే ఉండేది. మేము హాస్టల్‌లో చేరిననాడు ఒక బర్రె, దాని దుడ్డె, పదకొండు మేకలు, ఒక జత ఎడ్లు, కోళ్లు ఉండేవి. ఊర్లోకి ట్రాక్టర్లు వచ్చినాక ఎడ్లు పోయినయి. వాటి పలుపులు మాత్రం ఇప్పటికీ కొట్టం దూలానికి వేలాడుతున్నాయి, నాయిన తీయనీయడు.

మేమంటే ముగ్గురం. అక్క, మేమిద్దరం తమ్ముళ్లం. అక్క ఆడపిల్లల హాస్టల్‌లో, మేము మగపిల్లల హాస్టల్‌లో. పది నెలలు వేర్వేరు గేట్ల లోపల చదివి, ఈ యాభై రోజులు ఒక్క కొట్టంలో కలిసేవాళ్లం.

పొద్దున పని పంపకం అక్కదే. ఒకరు పెండ తీయాలె, ఒకరు కుడితి కలపాలె, అక్క పాలు పిండాలె. కుడితి అంటే బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తవుడు, ఇంత ఉప్పు. అది గోలెంలో పోయగానే బర్రె మూతి కండ్లదాకా ముంచి ఒక్క గుక్కన తాగేది. పాలు చేపాలంటే ముందు దుడ్డెను విడవాలి. దుడ్డెను గుంజి పట్టుకునే పని మా తమ్ముడిది, వాడు దుడ్డెకన్నా చిన్నగా ఉండేవాడు కనుక చాలాసార్లు అదే వాణ్ణి గుంజుకపోయేది. ఆరు గంటలకల్లా పాల కేంద్రానికి చేరాలె. అక్కడ గ్లాసెడు పాలు మిషన్‌లో పెడితే వెన్న శాతం చూపించేది. ఏడు వస్తే ఒక ధర, ఆరు వస్తే ఒక ధర. ఎండకాలం పచ్చిగడ్డి లేక పాలు సగానికి పడిపోయేవి. మాకు దశాంశ భిన్నాలు బడిలో సారు చెప్పకముందే పాల చిట్టీ మీద వచ్చినయి.

బర్రెకు ఎండ పడదు. నల్లటి తోలు వేడిని గుంజుకుంటుంది, ఆవుతో పోలిస్తే చెమట గ్రంథులు చాలా తక్కువ. అందుకే అది నీళ్లు వెతుక్కుంటుంది, బురదలో పండుతుంది. కుంట ఎండిపోయిన సంవత్సరాల్లో దానికి ఆ బురద మేమే అయ్యేవాళ్లం. మధ్యాహ్నం రెండుసార్లు బోరు నీళ్లు బిందెలతో మోసి పోయడం, వీపు మీద తడి గోనెసంచి కప్పడం, చెవుల వెనక గోమార్లు ఏరడం. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎండకాలం బర్రె ఎదకు వచ్చినా బయటికి కనపడదు, ఒర్రదు. మూగ ఎద అంటారు. ఆ అదను తప్పితే మళ్లీ ఇరవై ఒక్క రోజులు ఆగాలె. అదను తప్పుకుంటూ పోతే ఆ మరుసటి యేడు ఇంట్లో పాలు ఉండవు. ఇది మేము తరువాత పుస్తకాల్లో చదివినం. మా అమ్మ మాత్రం చల్లబడిన రాత్రి పూట లేచి కొట్టంలో లాంతరు పట్టుకొని బర్రె తోక దగ్గర కూర్చొని చూసేది. పుస్తకంలో ఉన్నదీ అదే, తెల్లారుజామున, రాత్రి పూట గమనించాలని. అమ్మ ఏ పుస్తకమూ చదవలేదు.

మేకలది వేరే సంసారం. ఉదయం ఆరున్నరకు విడిస్తే పదిన్నరకు మళ్లించాలె, మళ్లీ నాలుగు దాటినాక విడవాలె. ఎండకాలంలో నేల మీద గడ్డి ఉండదు కాబట్టి మేకల తిండి అంతా పైన ఉంటుంది. పొడుగాటి గడకు కొడవలి కట్టి తుమ్మకొమ్మ, వేపకొమ్మ, చిగురు కనిపించిన ఏ కొమ్మనైనా లాగేవాళ్లం. ఏప్రిల్, మే నెలల్లో తుమ్మకాయలు ఎండి రాలుతాయి. తుమ్మచెట్టు కింద గలగలమని చప్పుడైతే ఎంత దూరంలో ఉన్న మేకైనా తల ఎత్తి పరుగు తీస్తుంది. వాటికి అది పాయసమే. తుమ్మకాయలు సంచులకెత్తి దాచి, పాలిచ్చే మేకలకు రాత్రి పెట్టేవాళ్లం.

మేకలతో భయం రెండు చోట్ల. ఒకటి రోడ్డు. 2012లో నాలుగు లైన్ల రోడ్డు అయినాక అవతలి గుట్టకు మేపుకు పోవాలంటే మందను దాటించడం ప్రాణసంకటమైంది. డ్రైవర్లకు మేకలు కనిపిస్తాయి కానీ మేకలకు డ్రైవర్లు కనిపించరు. రోడ్డు కింద నీళ్లు పోవడానికి కట్టిన తూము ఒకటి దొరికింది, ముందొకరం వంగి నడిస్తే వెనక మేకలు, వాటి వెనక ఇంకొకరం. రెండోది నిమ్మతోటలు. ఎండకాలమే నిమ్మకు ధర పలికే కాలం. నకిరేకల్ మార్కెట్‌కు సంచులు పోయే రోజుల్లో తోట యజమానులకు ఒక్క చిగురు పోయినా కోపమే. కంచె సందులో దూరిన మేకను పట్టుకుంటే "పటేలా, తప్పయింది, పిల్లలు చూసుకోలే" అని నాయిన పోయి చేతులు కట్టుకొని నిలబడితే గాని విడిచేవారు కాదు. నాయిన చిన్నతనంలో ఒక పెద్ద రైతు దగ్గర జీతం ఉన్నాడు. ఆ బాయి కాడ తొట్టిలో పశువులు మూతి పెట్టి తాగేవట. నాయిన మాత్రం దూరంగా వంగి దోసిలి పడితే పై నుండి ఎవరో పోయాలె. ఎవరూ లేకపోతే ఎవరో ఒకరు వచ్చేదాకా ఆగాలె. "ఎడ్లు నన్ను చూసుకుంట తాగేటియి బిడ్డా" అని నవ్వుకుంట చెప్పేవాడు. ఆ మాటకు మాకు నవ్వు రాలేదు.

నీళ్ల గురించి చెప్పకుండా నల్గొండ జిల్లా గురించి ఏమీ చెప్పలేము. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు 'నల్గొండ టెక్నిక్'. పటిక, సున్నం కలిపి నీళ్లను తేర్చడం. ప్రపంచంలో ఎక్కడెక్కడి పుస్తకాల్లోనో మన జిల్లా పేరు ఉందంటే అందుకే ఉంది. 1996 పార్లమెంటు ఎన్నికల్లో ఈ నీళ్ల కోసమే నల్గొండ స్థానానికి నామినేషన్లు కుప్పలుగా వేశారు, చివరికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. ఇప్పుడు ఇండ్లకు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ మేము చిన్నగా ఉన్నప్పుడు మనుషులకు క్యాను నీళ్లు, పశువులకు బోరు నీళ్లు. చేతిలో పైసలు లేని రోజున అందరమూ పశువులమే.

మధ్యాహ్నం పదకొండు నుండి నాలుగు దాకా ఊరు ఊరంతా చచ్చినట్టు ఉంటుంది. ఉపాధి హామీ పనికి పోయిన అమ్మానాయినలు ఆ వేళకు మట్టి కొట్టుకొని వచ్చి వేపచెట్టు కింద పడేవారు. జొన్న అంబలి, ఉల్లిగడ్డ, మామిడి తొక్కు. ఎవరైనా గౌడన్న చెట్టు ఎక్కితే ముంజలు. మేకలు చెట్టు మొదలు చుట్టూ నీడ జరిగినట్టల్లా జరుగుతూ నెమరేసేవి. ఆ వేళలోనే మా చదువు. పై తరగతి పుస్తకాలు ముందే అడిగి తెచ్చుకునేవాళ్లం. పేజీ తిప్పితే చాలు, చప్పుడుకు మేకపిల్ల వచ్చి నిలబడేది. మా ఏడో తరగతి సోషల్ పుస్తకంలో ఖండాలు ఆరే ఉండేవి.

2015 మే నెల మాత్రం మరువలేనిది. ఆ నెలలో వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. మా దగ్గర పొద్దున ఎనిమిదింటికే గాలి పొయ్యి ముందర కూర్చున్నట్టు వచ్చేది. మొదట కోళ్లు పోయినయి. ముక్కులు తెరుచుకొని, రెక్కలు దూరం పెట్టుకొని రొప్పుతూ రొప్పుతూ ఒక మధ్యాహ్నం అయిదు కోళ్లు గంప కింద అట్లాగే ఉండిపోయినయి. మేకలు చూలివి రెండు ఈచుకుపోయినయి. నాయినమ్మను కొట్టంలో బర్రె పక్కన తడి నేల మీద పండబెట్టినం, ఇంట్లో రేకుల కింద ఉంటే బతకదని. రాత్రి లేచి ముందు నాయినమ్మకు, తరువాత బర్రెకు నీళ్లు చల్లేవాళ్లం. ఇద్దరూ బతికినారు. నాయినమ్మ మాత్రం చివరిదాకా "నన్ను బర్రె పక్కన పండబెట్టిన్రు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. ఫిర్యాదో గొప్పో మాకు తెలియలేదు.

2016లో అక్క పదో తరగతి పాసయింది. ఆ ఎండకాలమే అమ్మకు నడుము పట్టేసింది. వంగలేదు, బిందె ఎత్తలేదు. బర్రెను ఎవరు చూడాలె, మేకలను ఎవరు తోలాలె అన్న మాట మూడు రాత్రులు నడిచింది. బర్రెను, మేకలను అమ్మితే ముగ్గురమూ చదువుకోవచ్చు, కానీ అప్పుడు ఇంట్లోకి నెలకు వచ్చే పైసలంటూ ఉండవు. ఉంచితే ఎవరో ఒకరు ఇంటికాడ ఉండాలె. నాలుగో రోజు పొద్దున అక్క ఎవరితోనూ ఏమీ అనకుండా మేకలను తోలుకొని పోయింది. సాయంత్రం వచ్చినాక "తమ్మి, మీరు జూన్ల పెట్టె సదురుకోన్రి" అన్నది. నాయిన ఆ రాత్రి అన్నం తినలేదు. జూన్ 12న మేమిద్దరం పోయినం. గేటుదాకా సాగనంపింది అక్కే, పాలు పోసి వచ్చే దారిలో, చేతిలో క్యాను ఉండగానే.

ఆ తరువాత మా చదువు లెక్క ఇట్లా నడిచింది. హాస్టల్ తిండి, పుస్తకాలు ప్రభుత్వానివి. ఇంటర్‌కు, డిగ్రీకి పోయినప్పుడు బస్సులకు, పరీక్ష ఫీజులకు, చెప్పులకు మేకలు. ఏ సెమిస్టర్‌కు ఏ మేకపోతు పోయిందో అక్క నేటికీ వరుసగా చెప్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్లన్నీ మూసినాక మాకు జీవితంలోనే పొడుగైన ఎండకాలం దొరికింది. ఆ సెప్టెంబర్‌లో టీవీ పాఠాలు మొదలైతే తమ్ముడు పక్కింట్లో దూరదర్శన్ యాదగిరి ముందు కూర్చునేవాడు. డిగ్రీ క్లాసులకు ఉన్న ఒక్క ఫోను పట్టుకొని సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలె, ఎక్కేటప్పుడు ఊరికే పోవడం ఎందుకని మేకలనూ తోలుకపోవాలె. లెక్చరర్ గారు "ఎవరండీ ఆ మైకు ఆఫ్ చేయండి" అన్నప్పుడల్లా అది మా పోతుమేకే. 2023లో మా ఇంటికి మొదటి డిగ్రీ సర్టిఫికెట్ వచ్చింది. పీజీ సీటు నల్గొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీలో వచ్చింది. అప్పటికి అక్క పెండ్లయి రెండేండ్లు, మా మండలంలోనే పక్క ఊరు. అరణంగా రెండు మేకలను, ఒక పోతును ఇచ్చినం. అంతకన్నా ఇచ్చేందుకు ఏమీ లేదు.

ఇక 2024 ఎండకాలం. అంతకుముందు వానాకాలం కృష్ణ మీద వానలు సరిగా లేక శ్రీశైలం, నాగార్జునసాగర్ నిండలేదు. మార్చి నెలలోనే మా బోరు గాలి పట్టింది. మోటరు వేస్తే పది నిమిషాలు నీళ్లు, తరువాత బుసబుస. పశుగ్రాసం వేసిన పది గుంటలు ఎండింది. వరిగడ్డి ధర రెట్టింపయింది. బొల్లి, అంటే మా పాత బర్రె మనుమరాలు, అప్పుడు అయిదు నెలల చూడితో ఉంది. పాలు ఆగిపోయినయి, తిండి మాత్రం ఆగదు.

నాయిన మాట ఒకటే. "బొల్లిని అమ్ముదాం. చూడిబర్రెకు మంచి ధర వస్తది. కొత్త బోరు ఏద్దాం." అమ్మ ససేమిరా అన్నది. మా జిల్లాలో బోరు అంటే జూదమే. నల్గొండ దగ్గర ముషంపల్లిలో మనుషులకన్నా బోర్లే ఎక్కువని జర్నలిస్టు పి. సాయినాథ్ రాశారు. కింద అంతా రాయి. పగులు తగిలితే నీళ్లు, లేకపోతే దుమ్ము, దుమ్ముకూ అడుగుకింత లెక్కే. మేము యూనివర్సిటీ నుండి వచ్చి కాగితం మీద లెక్కలు వేసి చూపించినం. ఏ లెక్క వేసినా నీళ్లు పడితే అన్న మాట దగ్గర ఆగిపోయేది.

అక్కను పిలిపించినం. వచ్చింది, బొల్లి పక్కటెముకలు చేత్తో తడిమింది, దాని కడుపు మీద చెవి పెట్టి చాలాసేపు ఉన్నది.

"బక్రీదు ఎప్పుడున్నది?" అని అడిగింది.

జూన్ 17 అని చెప్పినం.

"పోతులను ఇప్పుడే అమ్మకున్రి. ఇంకో నెల తుమ్మకాయలు పెట్టి ఆపున్రి. బక్రీదు ముంగట అమ్మితే వచ్చిన పైసలు గడ్డికి, ట్యాంకర్‌కు సరిపోతయి. మేకలు మళ్ల పుడతయి నాయినా. బర్రె పోతే మళ్ల రాదు."

"అందాక నీళ్లు?" అన్నాడు నాయిన.

"మోస్తరు," అని మా వైపు చూపించింది. "ఎమ్మెస్సీ చదువుతున్నరు గద, బిందె ఎట్ల ఎత్తాల్నో తెల్వదా?"

మోసినం. అర కిలోమీటరు అవతల నీళ్లున్న ఒక తోటలో అడిగితే రాత్రి తొమ్మిది దాటినాక పట్టుకోమన్నారు. ఇప్పుడు ఎవరూ పై నుండి పోయలేదు, పైపు చేతికిచ్చి పోయినారు. పాత సైకిల్‌కు రెండు వైపులా క్యాన్లు కట్టి, నాలుగు దఫాలు తిరిగితే బొల్లికీ మేకలకూ ఒక రోజు గడిచేది. ఆ రెండు నెలల్లో చదివింది తక్కువ, కానీ సెమిస్టర్ పోలేదు. బక్రీదుకు వారం ముందు నాలుగు పోతులు పోయినయి. అనుకున్నదానికన్నా కొంచెం ఎక్కువే వచ్చింది.

తొలకరి పడ్డాక ఇంకో రెండు గండాలుంటాయి, ఇవి ఇంటి దగ్గర జీవాలున్న తమ్ముళ్లకు పనికొస్తాయని రాస్తున్నాం. ఒకటి, కోసిన జొన్న మోళ్లకు వచ్చే లేత పిలక. చూడ్డానికి పచ్చగా ఉంటుంది, అందులో సైనైడ్ విషం ఉంటుంది, నోరు పెట్టిన పశువు గంటల్లో పడిపోతుంది. బొల్లిని ఆ చెలక వైపు పోనీయకుండా తలుగు పొట్టిగా కట్టినం. రెండు, కొత్త గడ్డి ఆబగా తిన్న మేకలకు, గొర్రెలకు వచ్చే చిటుకు రోగం. చిటిక వేసినంతలో చస్తాయని ఆ పేరు. దానికి టీకా వానలకు ముందే వేయించాలె, రోగం కనిపించినాక చేసేది ఏమీ ఉండదు. పశువుల దవాఖాన వాళ్లు ఊర్లోకి వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ లేమని మందను ఊరికే వదిలేయకండి, పక్కింటివాళ్ల మందలో కలిపైనా వేయించండి.

ఆగస్టు చివర కురిసిన పెద్ద వానలకు కుంట నిండింది, బోరు తిరిగి నీళ్లు పోసింది. సెప్టెంబర్‌లో బొల్లి ఈనింది. ఆడ దుడ్డె. జున్ను మొదటి గిన్నె అక్కకు పోయింది.

2025 ఏప్రిల్‌లో సెలవులకు ఇంటికి పోయేసరికి మాకు కొత్త డ్యూటీ సిద్ధంగా ఉంది. అక్క ఓపెన్ ఇంటర్‌కు ఫీజు కట్టింది, మాకెవరికీ చెప్పలేదు. పరీక్షలున్న రోజుల్లో బావ బండి మీద ఆమెను సెంటర్‌కు తీసుకపోతే, చిన్న కోడలు పిల్ల మా అమ్మ దగ్గర, అక్క మేకలు మా మేకల్లో. అరణం మూడు జీవాలు అప్పటికి పదకొండయినయి. రెండు మందలు కలిస్తే ఏది ఎవరిదో మాకు తెలియదు, వాటికి తెలుసు. సాయంత్రం అక్క దారి మలుపులో హాల్ టికెట్ చేత పట్టుకొని కనిపించగానే పదకొండూ విడిపోయి ఉరికేవి.

అయిదు పేపర్లలో నాలుగు దాటింది. ఎకనామిక్స్ మిగిలింది, సప్లిమెంటరీకి కట్టింది. మా పాత పుస్తకమే ఇచ్చినం. అందులో మొదటి ఇరవై పేజీలు లాక్‌డౌన్‌లో పోతుమేక తిన్నది, డిమాండు సూత్రం అందులోనే పోయింది. రోజూ రాత్రి బర్రెలకు గడ్డి వేసినాక ఎనిమిదింటికి అక్క ఫోన్ చేస్తుంది, ఆ ఇరవై పేజీలు వంతుల వారీగా మేమిద్దరం చెప్తున్నాం.